ముద్దుపళని పుస్తకం, మా అమ్మాయి ఫోను

పోయిన ఆదివారం మా కొండాపూర్ అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో తల్లిదండ్రుల మీటింగ్ పెట్టారు. విషయం మీరు ఊహించగలరు. పిల్లలూ ఫోన్లూ. వచ్చినవాళ్ళలో సగం మంది హైటెక్ సిటీలోనో గచ్చిబౌలిలోనో సాఫ్ట్‌వేర్ రాసేవాళ్ళే. గంటన్నర మాట్లాడుకుని చివరికి ఒక మాట మీదకి వచ్చారు. వయసు రుజువు చూపిస్తేగానీ ఏ సైటూ, ఏ యాపూ తెరుచుకోకుండా గట్టి చట్టం రావాలి. ఒప్పుకునేవాళ్ళు చేతులెత్తమన్నారు. అందరూ ఎత్తారు. నేను ఎత్తలేదు.

లిఫ్టులో మా వారు మెల్లగా అడిగారు. "అందరూ ఒకటంటే నువ్వు ఇంకోటంటావేంటి? మనకీ ఆడపిల్ల ఉంది కదా."

"నాకు ముద్దుపళని గుర్తొచ్చిందండీ" అన్నాను.

"ఆవిడెవరు? ఏ ఫ్లాటు?"

నవ్వొచ్చింది కానీ ఆయన తప్పేం లేదు. తెలుగు బీఏ చదివిన నాకే ఆవిడ సరిగ్గా తెలియదు. మా కాలేజీలో తంజావూరు కవుల పాఠం చెబుతూ మా మాస్టారు ఆ పేరు పలికి, "అది మనకి అవసరం లేదు, పరీక్షకి రాదు" అని పేజీ తిప్పేశారు. క్లాసులో ఎక్కువమంది ఆడపిల్లలమే. ఎందుకు అవసరం లేదో అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది. పెళ్ళై, పిల్లలు పుట్టాక, చాలా ఏళ్ళకి ఆ కథ నాకు తెలిసింది. ఈ చర్చలో నేను ఎటువైపున్నానో చెప్పాలంటే ముందు ఆ కథ చెప్పాలి.

ముద్దుపళని 18వ శతాబ్దంలో తంజావూరును ఏలిన మరాఠా రాజు ప్రతాపసింహుడి ఆస్థానంలో ఉండేది. దేవదాసీ కుటుంబం. సంగీతం, నాట్యం, తెలుగు, సంస్కృతం అన్నీ నేర్చింది. ఆవిడ రాసిన ప్రబంధం రాధికా సాంత్వనము. రాధ తాను పెంచిన ఇళాదేవిని కృష్ణుడికిచ్చి పెళ్ళి చేస్తుంది. ఆ తర్వాత విరహంతో, అసూయతో తానే రగిలిపోతుంది. చివరికి కృష్ణుడు వచ్చి ఆమెని బతిమాలుకుని శాంతపరుస్తాడు. కావ్యమంతా శృంగారమే, సందేహం లేదు. అయితే అక్కడ కోరిక ఆడదానిది, కోపం ఆడదానిది, మాట కూడా ఆడదానిదే. మన ప్రబంధాల్లో అది అరుదు.

ఆవిడ తర్వాత సుమారు వందేళ్ళకి, బ్రౌను దొరగారి దగ్గర పనిచేసిన పైడిపాటి వెంకటనరసుగారు దాన్ని అచ్చు వేశారు. కానీ కొన్ని పద్యాలు తీసేశారు. బెంగుళూరు నాగరత్నమ్మ చేతికి చిక్కింది ఆ పుస్తకమే. నాగరత్నమ్మ అంటే తిరువయ్యారులో త్యాగరాజస్వామి సమాధికి గుడి కట్టించిన గాయని. ఆవిడ అంతటితో ఊరుకోలేదు. మూల ప్రతి సంపాదించి, పోల్చి చూసి, తీసేసిన పద్యాలన్నీ తిరిగి చేర్చి, 1910లో వావిళ్ళ వారి చేత మద్రాసులో అచ్చు వేయించింది.

అప్పటికే కందుకూరి వీరేశలింగం పంతులుగారు తన కవుల చరిత్రలో ఈ కావ్యం మీద ఘాటుగా రాసి ఉన్నారు. ఆడవాళ్ళు వినదగని మాటలు ఒక ఆడది రాసిందని ఆయన బాధ. నాగరత్నమ్మ తన పీఠికలో సూటిగా అడిగింది. సిగ్గూ సంకోచం ఆడవాళ్ళకేనా, మగవాళ్ళకి అక్కర్లేదా? పంతులుగారు మెచ్చుకున్న పుస్తకాల్లో ఇంతకంటే పచ్చి వర్ణనలు లేవా?

ఆ ప్రశ్నలకి సమాధానంగా పోలీసులు వచ్చారు. 1911లో మద్రాసు పోలీస్ కమిషనర్ కన్నింగ్‌హామ్ ప్రతులు పట్టుకున్నాడు. అభ్యంతరకరం అనుకున్న భాగాలను ప్రభుత్వ అనువాదకుడి చేత ఇంగ్లీషులోకి మార్పించారు. ఆ ముక్కలు చూసి పుస్తకం అశ్లీలమని తేల్చారు. పండితులు అర్జీలు పెట్టినా లాభం లేకపోయింది. నిషేధం పడింది. ఎత్తివేసింది ఎప్పుడంటే, టంగుటూరి ప్రకాశం పంతులుగారు మద్రాసు ప్రధానిగా ఉన్న 1946-47 ప్రాంతంలో. వావిళ్ళ వారు మళ్ళీ అచ్చు వేసింది 1952లో. నాగరత్నమ్మ చనిపోయిన సంవత్సరం కూడా అదే. ఈ కథనంతా తవ్వి తీసి లోకానికి చెప్పింది మన హైదరాబాదు వాళ్ళే. సూసీ తారు, కె. లలిత సంపాదకత్వంలో 1991లో భారతీయ స్త్రీల రచనల సంకలనం ఇంగ్లీషులో వచ్చింది. దాని ముందుమాట మొదలయ్యేది ముద్దుపళని, నాగరత్నమ్మల కథతోనే.

ఇంత కథా విని మా వారు "బానే ఉంది, దానికీ ఫోనుకీ ఏంటి సంబంధం?" అన్నారు.

నాకు కనిపించిన సంబంధాలు మూడు.

మొదటిది, నిషేధం ఎప్పుడూ చెడ్డవాళ్ళే అడగరు. వీరేశలింగంగారు 1874లోనే ధవళేశ్వరంలో ఆడపిల్లల బడి పెట్టిన మనిషి. 1881లో రాజమహేంద్రవరంలో మొదటి వితంతు వివాహం జరిపించి, దానికోసం ఎన్ని కష్టాలు పడాలో అన్నీ పడ్డ మనిషి. ఆడవాళ్ళ మేలు కోరలేదని ఆయన్ని ఎవరూ అనలేరు. ఆ మేలుకోరే చూపుకే ఒక ఆడదాని పుస్తకం ప్రమాదంగా కనిపించింది. మా క్లబ్‌హౌస్‌లో చేతులెత్తిన వాళ్ళందరూ మంచివాళ్ళే. నా భయం కూడా అదే.

రెండోది, తీసేసేవాళ్ళు మొత్తం చదివి తీయరు. నాడు నాలుగు ముక్కల అనువాదం. నేడు ఒక జాబితా. 2015లో అశ్లీల సైట్లు ఆపమని కేంద్రం ఒకేసారి 857 వెబ్‌సైట్ల జాబితా పంపింది. అందులో హాస్యం సైట్లు కూడా ఉన్నాయి. గొడవ కాగానే నాలుగు రోజుల్లో వెనక్కి తగ్గారు. సమాచార సాంకేతిక చట్టంలో 69ఏ అని ఒక సెక్షన్ ఉంది. దాని కింద ఏదైనా సైటును ఆపితే ఆ వ్యవహారం గోప్యంగా ఉంచాలని 2009 నియమాలు చెబుతాయి. కన్నింగ్‌హామ్ పట్టుకెళ్ళిన పుస్తకం పేరైనా జనానికి తెలిసింది. ఇప్పుడు ఏది పోయిందో కూడా మనకి తెలియకపోవచ్చు.

మూడోది, ఒక కారణం చెప్పి తెచ్చిన చట్టం ఇంకో పనికి వాడతారు. ఫోన్లలో, మెయిళ్ళలో వేధింపులు ఆపడానికని అదే చట్టంలో 66ఏ సెక్షన్ చేర్చారు. 2013 మే నెలలో హైదరాబాదులో పౌరహక్కుల కార్యకర్త, లాయరు జయా వింధ్యాలను ఫేస్‌బుక్ వ్యాఖ్యల మీద అరెస్టు చేసింది ఆ సెక్షన్‌తోనే. ఆ విషయం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. పై అధికారి అనుమతి లేకుండా ఇలాంటి అరెస్టులు చేయొద్దని కోర్టు చెప్పింది. 2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ కేసులో 66ఏని పూర్తిగా కొట్టేసింది.

ఇంత చెప్తుంటే మా అత్తయ్యగారు చిక్కుడుకాయలు వలుస్తూ అందుకున్నారు. ఆవిడది నల్లగొండ జిల్లా. "మా బాపు చెప్పెటోడు. నిజాం కాలంల నలుగురు కూడి మాట్లాడాల్నంటె గూడ సర్కారుకి అర్జీ పెట్టాలె. ఎవరొస్తరు, ఏం మాట్లాడుతరు, అన్నీ ముందుగాల్నే చెప్పాలె."

ఆవిడ చెబుతున్నది గష్తీ నిషాన్ 53 గురించి. ముందస్తు అనుమతి లేకుండా సభ జరపకూడదన్న నిజాం ప్రభుత్వ ఉత్తర్వు అది. గ్రంథాలయాల వాళ్ళు కూడా దానితో ఇబ్బంది పడ్డారు. ఆ ఉత్తర్వు సభలన్నిటినీ నిషేధించలేదు, గమనించండి. అడిగి పెట్టుకోమంది. అంతే. కానీ అడగాలంటే పేరు చెప్పాలి. పేరు చెప్పాలంటే భయపడాలి. భయపడ్డవాడు ఇంట్లోనే కూర్చుంటాడు.

వయసు రుజువు కూడా ఇలాంటిదే. పిల్లలెవరో తెలియాలంటే పెద్దలందరూ పెద్దలమని చూపించాలి. అంటే కార్డు చూపించాల్సింది పదిహేనేళ్ళ మా అమ్మాయి ఒక్కతే కాదు. నేనూ, మా వారూ, డెబ్బై దాటిన అత్తయ్యగారూ చూపించాలి. ఆ కార్డులు ఎక్కడికి వెళతాయి? 2025 అక్టోబరులో డిస్కార్డ్ సంస్థ ఒక ప్రకటన చేసింది. వయసు విషయంలో అప్పీలు చేసుకున్నవాళ్ళు పంపిన గుర్తింపు కార్డుల ఫొటోలు, బయటి కాంట్రాక్టు సంస్థ ద్వారా సుమారు 70,000 మందివి దొంగల చేతిలో పడి ఉండవచ్చని. పిల్లల్ని కాపాడబోయి ఇంటిల్లిపాది ఫొటోలూ వీధిలో పెట్టినట్టయింది.

ఇది ఎక్కడో దూరదేశం సంగతి కాదు. ఆస్ట్రేలియాలో 16 ఏళ్ళలోపు వాళ్ళకి సోషల్ మీడియా ఖాతాలు ఉండకూడదన్న చట్టం 2025 డిసెంబర్ 10 నుంచి అమల్లోకి వచ్చింది. అలాంటి ఆలోచన చేస్తున్నామని 2026 జనవరిలో ఆంధ్రప్రదేశ్ మంత్రి నారా లోకేశ్ కూడా అన్నారు. మన దేశంలో 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది. 18 ఏళ్ళలోపు వాళ్ళ సమాచారం వాడుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి, అదీ రుజువుతో సహా, ఉండాలని అందులో ఉంది. నియమాలు 2025 నవంబరులో వచ్చాయి. ఈ భాగం అమలుకి 18 నెలల గడువిచ్చారు. పిల్లల వెంటపడి వాళ్ళేం చూస్తున్నారో గమనించకూడదు, వాళ్ళకి గురిపెట్టి ప్రకటనలు వేయకూడదు అని కూడా అదే చట్టం చెబుతుంది. దానికి నేను రెండు చేతులూ ఎత్తుతాను. ఎందుకంటే ఆ నిబంధన కంపెనీ చేతులు కడుతుంది. కార్డు చూపించమనేది చదివేవాళ్ళ చేతులు కడుతుంది.

మా వంటమనిషి కూతురు ఇంటర్ చదువుతోంది. వాళ్ళింట్లో ఉన్నది ఒకే ఫోను, తల్లిది. ఆవిడకి ఇంగ్లీషు చదవడం రాదు. తెరమీద వచ్చిన అనుమతి కాగితాన్ని ఆవిడ ఎలా చదివి ఒప్పుకుంటుంది? ఆ పిల్లే నొక్కేస్తుంది. లేదా తల్లి భయపడి అసలే వద్దంటుంది. మొదటిది ఉత్తుత్తి తాళం. రెండోది ఆ పిల్ల చదువుకి తాళం.

ఇక మా ఇంటి సంగతి. చెప్పాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. మా అమ్మాయిని అడిగి, సరే అన్నాకే రాస్తున్నాను. పోయినేడాది దానికి నాలుగు నెలలు నెలసరి రాలేదు. నాతో చెప్పలేదు. ఎందుకు చెప్పలేదంటే, నేను ఏమనుకుంటానో అని. అవును, నాతోనే. ఇన్ని కబుర్లు చెప్పే నాతోనే. రాత్రుళ్ళు తనే ఫోనులో వెతుక్కుంది. ఇది చాలామందికి ఉండేదేననీ, డాక్టరుకి చూపించుకోవాలనీ చదివింది. ఆ తర్వాతే ధైర్యం తెచ్చుకుని వంటింట్లోకి వచ్చి, "అమ్మా, నీతో ఒకటి చెప్పాలి" అంది. మందులు వాడాం, ఇప్పుడు బాగుంది.

ఆ రాత్రి ఆ పేజీ తెరుచుకోవడానికి నా ఫోనుకి ఓటీపీ వచ్చి ఉంటే అది వెతికేదే కాదు. ఇంకో నాలుగు నెలలు దాచుకునేది. నా దగ్గరికి రావడానికి దానికి ముందు నేను లేని దారి ఒకటి కావాల్సి వచ్చింది. ఈ మాట రాయడం తల్లిగా నాకు కష్టంగానే ఉంది.

మరి ప్రమాదాలు లేవా అంటారు. ఉన్నాయి. మా బ్లాకులోనే ఒక కుర్రాడు బెట్టింగ్ యాప్‌లో తండ్రి డబ్బు పోగొట్టాడు. కానీ తెలంగాణలో ఆన్‌లైన్ జూదం మీద నిషేధం 2017 నుంచీ ఉంది. అయినా 2025 మార్చిలో బెట్టింగ్ యాప్‌లకి ప్రచారం చేశారని మన పక్కనే మియాపూర్ పోలీసులు సినిమా వాళ్ళ మీద, సోషల్ మీడియా వాళ్ళ మీద కేసులు పెట్టాల్సి వచ్చింది. అమ్మేవాడి మీద పెట్టిన ఆ కేసు నాకు నచ్చింది. చూసేవాడి జేబులు తడమడం నాకు నచ్చదు.

మా ఇంట్లో రాత్రి పదింటికి అందరి ఫోన్లూ హాల్లో టీవీ పక్కన చార్జింగుకి వెళతాయి. అందరివీ అంటే మా వారి ఆఫీసు ఫోను కూడా. ఏదైనా తేడాగా కనిపిస్తే తిట్లు తినకుండా చెప్పుకునే హక్కు పిల్లలకి ఉంది. ఈ పద్ధతితో అన్నీ ఆగుతాయని నేను అనను. కానీ ఎక్కడ జారినా మాకు మేమే దిద్దుకోగలం.

చివరిగా ఒక్క మాట. వెంకటనరసుగారి అచ్చులో పోయినవి శృంగార పద్యాలేనని చాలాకాలం అనుకున్నాను. కాదట. ముద్దుపళని తన గురించి, తనవాళ్ళ గురించి చెప్పుకున్న అవతారిక కూడా పోయింది. అందులో ఆవిడ తలుచుకున్నవాళ్ళలో నాయనమ్మ తంజనాయకి కూడా ఉంది. తన ఇంటి ఆడవాళ్ళ చదువు గురించి ఒక ఆడది గర్వంగా చెప్పుకున్న మాటల్లో అశ్లీలం ఏముంది? కత్తెర పట్టుకున్న చేతికి ఎక్కడ ఆగాలో తెలియదు, అంతే.

నిన్న ఆ అవతారిక మా అమ్మాయికి చదివి వినిపించాను. కొన్ని మాటలకి అర్థం చెప్పాల్సి వచ్చింది. అంతా విని, "నాన్నమ్మ గురించి మొదట్లోనే రాసిందా? భలే ఉందే" అని అత్తయ్యగారి పక్కన చేరి చిక్కుడుకాయలు వలవడం మొదలుపెట్టింది. తర్వాతి మీటింగ్ వచ్చే నెల. ఈసారి చేయి ఎత్తకుండా కూర్చోను, లేచి ఈ కథ చెబుతాను. మీ అపార్ట్‌మెంట్‌లో కూడా ఇలాంటి మీటింగ్ జరిగితే, చేయి ఎత్తే ముందు మీ పిల్లలు ఆ రాత్రి ఏం వెతుక్కుంటున్నారో ఒక్కసారి ఆలోచించండి.