ఒకే జ్యామితి పేపర్, వంద తీర్పులు

తెలుగులో మార్కులు దిద్దేవాళ్ల దయ, లెక్కల్లో మాత్రం మన చేతిలోనే అనేవారు మా నాన్న. ఇంటర్లో నాకు లెక్కల్లో అనుకున్నదానికన్నా బాగా తగ్గాయి. "నువ్వే ఎక్కడో తప్పు చేసుంటావ్" అన్నారు. నేనూ నమ్మాను.

1913లో అమెరికాలో డేనియల్ స్టార్చ్, ఎడ్వర్డ్ ఇలియట్ ఈ నమ్మకాన్నే పరీక్షకి పెట్టారు. ఒక హైస్కూల్ విద్యార్థి రాసిన జ్యామితి పేపర్‌కి నకళ్లు తీయించి, వందమందికి పైగా లెక్కల టీచర్లతో దిద్దించారు. వందకి 30 కూడా ఇవ్వనివాళ్లున్నారు, 90 దాటించినవాళ్లూ ఉన్నారు. అదే పేపర్! సగంలో ఆగిన ఋజువుకి ఎంత వెయ్యాలో, పటం వంకరపోతే ఎంత కొయ్యాలో గణితం చెప్పదు. మనిషే చెప్పాలి.

ఇలాంటి ఫలితాలు ఆబ్జెక్టివ్ పరీక్షలకి బలమిచ్చాయి. దిద్దే చెయ్యి పోయింది. దాంతోపాటు విద్యార్థి జవాబుకి చేరిన దారీ కనిపించకుండా పోయింది. మన ఎంసెట్ ఆన్‌లైన్లో పలు విడతలుగా జరగడం మొదలయ్యాక, ఏ పూట పేపర్ కష్టమో నార్మలైజేషన్ సూత్రం తేలుస్తోంది. సూత్రాల్ని కోడ్‌గా మార్చడమే నా ఉద్యోగం. ప్రతి సూత్రం వెనకా ఎవరో ఒకరి నిర్ణయం ఉంటుందని నాకు తెలుసు.

అందుకే ఆ నిర్ణయాన్ని చూడగలగడం ముఖ్యం. దిద్దిన జవాబు పత్రాన్ని సమాచార హక్కు చట్టం కింద విద్యార్థి చూడొచ్చని 2011లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. అప్పటికే నా ఇంటర్ అయిపోయింది. చూసుంటే తప్పు నాదేనని తేలేదేమో. కనీసం నాన్న మాటకి ఒక ఋజువుండేది.