బొమ్మల సేనలును రంగులు వేయు చేతులును

ఈజిప్టు దేశమున అస్యూతు పట్టణము చెంత మెసెహ్తి అను అధికారి సమాధిలో కొయ్యతో చేసిన రెండు చిన్న సేనలు దొరకినవి. ఒకదానియందు బల్లెములును డాళ్లును పూనిన ఈజిప్టు భటులు 40 మంది. రెండవదానియందు విండ్లు పూనిన నూబియా భటులు 40 మంది. నలుగురేసి నిలిచిన పదేసి వరుసలుగా వారు నేటికిని నడచుచున్నట్లే కనబడుదురు. ఈ బొమ్మలు చేయబడి సుమారు 4000 ఏండ్లయినది. ఒక్కొక్క జట్టున దేహముల వన్నె ఒక్కటే. డాళ్లమీది మచ్చలు మాత్రము దేనికది వేరు. పలువురిని ఒక్క జట్టుగా చూపుట, ఆ జట్టులో ఎవని రూపమును వానికి మిగుల్చుట, బొమ్మల సేనకు రంగులు వేయువాని పనియంతయు ఈ రెండు మాటలలో ఇమిడియున్నది.

నేడు ఐరోపా, అమెరికా ఖండములలో ఈ పని అనేక గృహములయందు వినోదముగా సాగుచున్నది. బల్లపై పరచి ఆడు కొన్ని ఆటలలో పలకతోను పాచికలతోను పాటు కల్పనాకథలలోని వీరుల బొమ్మలును భూతముల బొమ్మలును వచ్చును. 1989లో వెలువడిన హీరోక్వెస్ట్ అను ఆటపెట్టెలో వీరులు నలుగురే గాని వారికెదురుగా నిలిచిన శత్రువులు 31 మంది. ప్లాస్టిక్కుతో పోతపోసిన ఇట్టి చిన్న బొమ్మలకు పోతనాటి ఒంటివన్నెయే గాని వేరు రంగుండదు. కన్ను, మొగము, కవచము, కత్తి, సమస్తమును కొన్నవాడే కుంచెతో తీర్చుకొనవలెను.

ఒక్కొక్క బొమ్మను తుదిముట్ట ముగించి మరియొకదానిని చేపట్టినచో, ముప్పది బొమ్మలకు మాసములు గడచును. అందుచేత ఈ వినోదపరులు మంద విధానము నవలంబింతురు. మొదట ఒక్క బొమ్మను ప్రయోగార్థము ముగించి, ఏ చోట ఏ వన్నెయో నిశ్చయించి కాగితమున వ్రాసికొందురు. పిమ్మట ఐదింటినో పదింటినో తీసి, మూసగీతలను చాకుతో గీకి, సబ్బునీట కడిగి, ఒక్కొక్కదానిని బిరడాపై నిలిపి తొలిపూత పూయుదురు. అటుపై ఒక వన్నెను కలిపి, ఆ వన్నె యుండవలసిన చోటులనెల్ల అన్ని బొమ్మలకును పూసి, తరువాతనే రెండవ వన్నెకు పోవుదురు. పదవ బొమ్మ ముగియునప్పటికి మొదటిది ఆరియుండును. రంగు కలుపుటయు కుంచె కడుగుటయు ఒక్కమారే. చేయియు అలవాటుపడి తడబడదు. పలుచని నల్లరంగును పైన పోసినచో అది పల్లములలోనికి జారి నీడలను తానే చూపును. దాదాపు ఆరిన కుంచెను మెత్తగా రాచినచో మెరకలపై మాత్రము లేతవన్నె నిలిచి వెలుగు చూపును. కడపట వార్నీషు పూత. మంద మరీ పెద్దదయినచో విసుగు పుట్టునని ఎరిగినవారు దానిని చిన్న జట్లుగా విభజించి, నాయకుని బొమ్మను బహుమానమువలె చివరకు దాచుకొందురు.

ఈ విధానము నేటి వినోదపరులు కనుగొన్నది కాదు. దీని చరిత్ర జర్మను పట్టణమగు నూరెంబర్గునకు పోవును. 18వ శతాబ్దపు ఉత్తరార్ధమున అచ్చట హిల్పెర్టు అను పనివాడు తగరముతో బల్లపరుపు సైనికులను పోతపోసి ప్రసిద్ధి గాంచెను. 1839లో ఎర్నెస్టు హైన్రిచ్సెను నెలకొల్పిన కార్ఖానా సుమారు 30 మిల్లీమీటర్ల ఎత్తుగల భటులను దేశదేశముల కెగుమతి చేసెను. చెక్కపెట్టెలలో నింపి తూకముచొప్పున అమ్మిన ఈ సేనలు బాలుర చేతులలో ఎంతటి స్థానము సంపాదించెనో తెలియుటకు 1838లో ఆండర్సను వ్రాసిన తగరపు సైనికుని కథయే సాక్ష్యము. ఒక్క తగరపు గరిటెనుండి పుట్టిన 25 మంది సోదరులలో, లోహము చాలక, చివరివానికి ఒంటికాలే మిగిలినది. మూసలో పుట్టిన మందలో ఒక్కడు ఒక్కడుగా మిగులుటయే ఆ కథకు ప్రాణము.

పెద్దల ఆటలకు మూలము మన దేశమునందే కలదు. భారతీయుల చతురంగము పారసీక, అరబ్బు దేశముల మీదుగా ఐరోపా చేరెను. 1780లో బ్రున్స్విక్కునందు హెల్విగు అనువాడు దానినే విస్తరించి యుద్ధక్రీడగా మార్చెను. 1824లో రైస్విట్జు అను యువసేనాని రచించిన క్రీడను ప్రష్యా సైన్యము తన అధికారుల శిక్షణకు స్వీకరించెను. అందు సేనలకు మొగములు లేవు. అవి పటముపై జరుపు చిన్న దిమ్మలు మాత్రమే.

ఇక ఆ తగరపు భటులకు రంగులు వేసినదెవరు? కార్ఖానాలనుండి బొమ్మలు బుట్టలతో బీదల ఇండ్లకు పోయెడివి. స్త్రీలును బాలురును కూలికి వానికి రంగులు పూసి తిరిగి అప్పగించెడివారు. 1893లో లండనునందు విలియము బ్రిటను కుటుంబము లోపల డొల్లగానుండు సీసపు భటులను పోతపోయు ఉపాయము కనుగొని ధర తగ్గించినప్పుడును, కుంచెలు పట్టినవారిలో అధికులు స్త్రీలే. ఎర్రకోట్ల భటులపై బాలుడు మురియునప్పుడు, ఆ ఎరుపు ఎన్ని వందల కోట్లకు పూసి ఏ తల్లి చేయి నొచ్చెనో పెట్టెపై వ్రాసియుండదు. (ఆ కార్ఖానా సీసపు భటులను పోయుట 1966లో మానినది.)

పనిని విభజించుటవలని లాభమును ఆడం స్మిత్తు 1776లో గుండుసూదుల దృష్టాంతముతో లోకమునకు చూపెను: పదిమంది పని పంచుకొన్నచో దినమునకు 48,000 సూదులు. ఆ గ్రంథమునందే మరియొక చోట, జీవితమెల్ల రెండుమూడు సులభకృత్యములలో గడపువాని బుద్ధి మొద్దుబారునని ఆయనయే హెచ్చరించెను. మొదటి మాటను లోకము కంఠస్థము చేసినది, రెండవదానిని మరచినది.

1913లో ఎచ్. జీ. వెల్సు చిన్న యుద్ధములనుగూర్చి ఒక పుస్తకము ప్రకటించి, నేలపై సీసపు భటులను నిలిపి, కొయ్యగుండ్లు విసరు చిన్న ఫిరంగితో కూల్చు ఆటకు నియమము లేర్పరచెను. ఈ ఆట నాడినవాడు నిజమైన యుద్ధమెంత తెలివిమాలిన పనియో గ్రహించునని ఆయన తలంపు. మరుసటి యేడే మహాసంగ్రామము వచ్చినది. బొమ్మలు యుద్ధమును పుట్టింపలేదు, ఆపనూ లేదు. వానిపై ఆ భారము మోపుట న్యాయము కాదు.

సైనికుల స్థానమున భూతములు వచ్చిన కథ వేరు. 19వ శతాబ్దపు చివర విలియము మారిసు ప్రాచీన జాతుల కల్పనాకథలను వ్రాసెను. వానికి తాను ఋణపడితినని టోల్కీను అంగీకరించెను. 1954, 1955 సంవత్సరములలో వెలువడిన టోల్కీను మహాకథ అమెరికా యువకుల నాకర్షించినది. 1971లో గైగాక్సు, పెర్రెను అనువారు మధ్యయుగపు యుద్ధక్రీడకు మంత్రములను, రాక్షసులను చేర్చిరి. 1974లో గైగాక్సును ఆర్నెసనును కలిసి డంజన్స్ అండ్ డ్రాగన్స్ అను ఆటను ప్రకటించిరి. 1975లో లండనున స్థాపితమైన గేమ్స్ వర్క్‌షాప్ సంస్థ 1983లో వార్‌హామర్ క్రీడను వెలువరింపగా, రంగులు వేయుటయే ఆటలో సగమైనది.

ఈ చరిత్రయందు మారిసు పేరు కాకతాళీయము కాదు. కల్పనాకథలను వ్రాసిన ఈతడే 1884లో ప్రయోజనముగల పనికిని ప్రయోజనములేని చాకిరికిని గల భేదమునుగూర్చి ఉపన్యసించెను. ఆయన దృష్టిలో మంచి పనికి మూడు ఆశలుండవలెను: విశ్రాంతి దొరకునను ఆశ, ఫలము చేకూరునను ఆశ, పనియందే ఆనందముండునను ఆశ. ఈ కొలతతో మన బొమ్మలను కొలిచి చూతము. నూరెంబర్గు కూలిది పూసిన వన్నెయు, నేటి వినోదపరుడు పూయు వన్నెయు, పూయు పద్ధతియు ఒక్కటే. పది టోపీలకు నలుపు, పది బూట్లకు గోధుమవన్నె. అయినను ఆమెకు విసుగు వచ్చినప్పుడు మానుటకు హక్కులేదు, వాని కున్నది. ఆమె ముగించిన సేన పరుని బాలునిది. వాడు ముగించినది తనది. ఒక భటుని మీసమును వంకరగా దిద్దినచో ఆమెకు కూలి తెగును, వానికి నవ్వు వచ్చును. కావున మనుష్యుని మొద్దుపరచునది ఒకే పనిని మరల మరల చేయుట కాదు. ఆ పనిపై తనకు అధికారము లేకుండుట. మన ఇండ్లలో దినమునకు రెండుపూటలు అవే పాత్రలు తోము స్త్రీల స్థితిని తలచినచో ఈ మాట అర్థమగుటకు బొమ్మలు కూడ అక్కరలేదు.

కథ ఇంతటితో ముగియలేదు. 2000 సంవత్సరమున అమెరికాలో మేజ్ నైట్ అను ఆట వెలువడినది. అందలి బొమ్మలు చీనా కర్మాగారములలో ముందుగనే రంగులు పూయబడి పెట్టెలలో వచ్చెను. కుంచె పట్టు ఓపిక లేనివారు సంతోషించిరి. రంగుమాత్రము తనంతట తాను అంటుకొనలేదు. శ్రమ కొన్నవాని బల్లనుండి లేచి కనబడని చేతులలోనికి పోయినది. నూరెంబర్గు బుట్ట మరల ప్రయాణము సాగించినది.

చదువుకొన్నవాడు బొమ్మలకు రంగులు పూయుచు సాయంకాలములు గడపుట పిల్లచేష్టయని కొందరు నిరసింతురు. చేతిపని చదువురానివారికి తగినదను పాత గర్వమే ఆ నిరసనలో పలుకుచున్నది. ఇరువది మందికి ఒకే అంగీ రంగు పూసి ఒక్కరాత్రి కూర్చున్నవాడు, అంగడిలో పరుడు పూసిన బొమ్మ ధర విని బేరమాడుటకు ముందు ఒక్క నిమిషము తడయును. ఆ ఒక్క నిమిషము కొరకైనను మన బాలురకును బాలికలకును కుంచె అందించుట మేలు.