చీకటికి అద్దె లేదు

1948లో వచ్చిన ‘హి వాక్డ్ బై నైట్’ సినిమాలో పోలీసును చంపి పారిపోయిన దొంగ చివరికి నేల కిందికి దిగిపోతాడు. అవి లాస్ ఏంజెలెస్ నగరం అడుగున వాననీరు పోయే కాంక్రీటు సొరంగాలు. తెర మీద ఉన్నవల్లా గుండ్రటి గోడలు, కాళ్ల కింద పలచగా పారే నీళ్లు, పోలీసుల చేతుల్లో టార్చిలైట్లు. ఆ వెలుగు తడిగోడ మీద జారుతూ వస్తుంటే ముందు నీడ కనబడుతుంది, ఆ తర్వాతే మనిషి. పైకి పోదామని దొంగ మ్యాన్‌హోల్ మూత ఎత్తబోతాడు. అది కదలదు. దాని మీద పోలీసు కారు ఆగి ఉంది.

సెట్టు అవసరం పడని క్లైమాక్స్ ఇది. వానొస్తే ఊరు మునగకుండా కట్టుకున్న సొరంగమే సెట్టయింది. తీసిన ఈగిల్-లయన్ చిన్న కంపెనీ. హాలీవుడ్‌లో ‘పావర్టీ రో’, అంటే పేదల వీధి, అని పిలిచే కోవలోని పీఆర్‌సీ స్టూడియోను కలుపుకొని పెరిగిన సంస్థ. అలాంటిచోట కథ ఎక్కడ తీయాలన్నది ముందు ఖర్చు లెక్క, తర్వాతే కళ. ఆ లెక్కలోంచే పోలీసు సినిమాకు ఒక రూపు వచ్చింది.

అంతకుముందు హాలీవుడ్ న్యూయార్క్ వీధిని కూడా కాలిఫోర్నియా స్టూడియో ఆవరణలోనే కట్టుకునేది. మాటల సినిమా వచ్చాక కెమెరాను గడప దాటించడం మరీ కష్టమైంది. రెండో ప్రపంచ యుద్ధం ఆ అలవాటును కదిలించింది. యుద్ధవార్తల రీళ్లు చూసి చూసి జనం కళ్లు నిజం వీధులకు అలవాటు పడ్డాయి. ‘ది మార్చ్ ఆఫ్ టైమ్’ వార్తాచిత్రాలు తీసిన లూయీ డి రోషమాంట్ 1945లో ‘ది హౌస్ ఆన్ 92వ స్ట్రీట్’ అనే గూఢచారి కథను అసలైన ప్రదేశాల్లో తీయించి దారి వేశాడు.

ఆ దారిని జనంలోకి తీసుకెళ్లింది ‘ది నేకెడ్ సిటీ’. నిర్మాత మార్క్ హెలింజర్ ఒకప్పటి పత్రికా రచయిత. నేరాలు జరిగిన చోట్ల ఫొటోలు తీసే వీజీ పుస్తకం పేరును కొని తన సినిమాకు పెట్టుకున్నాడు. 1947 వేసవిలో దర్శకుడు జూల్స్ డాసిన్, కెమెరామన్ విలియం డేనియల్స్ న్యూయార్క్‌లో 100కు పైగా చోట్ల షూటింగ్ చేశారు. అసలు చిక్కు జనమే. కెమెరా కనబడితే చాలు, నడిచేవాడు ఆగిపోతాడు, ఆగినవాడు లెన్సులోకి చూస్తాడు. అందుకని లోపలివాళ్లు బయటికి కనబడని అద్దాల వ్యానులో కెమెరా దాచారు. కొన్నిచోట్ల జనం చూపు మళ్లించడానికి గారడీ చేసేవాణ్ణి అద్దెకు పిలిచారు! ఇది యూనివర్సల్ సినిమా, ఈగిల్-లయన్‌లాంటి పేదరికం కాదు. అయినా బాగా తెలిసిన ముఖం బారీ ఫిట్జ్‌జెరాల్డ్ ఒక్కడిదే. చిన్న వేషాల్లో కొత్తవాళ్లు వీధి జనంలో కలిసిపోయారు. ఛాయాగ్రహణానికి, కూర్పుకు ఆస్కార్లు వచ్చాయి. సినిమా విడుదలకు ముందే హెలింజర్ చనిపోయాడు. వ్యాఖ్యానంలో వినిపించే గొంతు మాత్రం ఆయనదే.

ఆ వ్యాఖ్యానం సంగతీ చెప్పాలి. ఈ కోవ సినిమాల్లో ఒక గొంతు నగరం గురించి, పోలీసుల దినచర్య గురించి చెప్పుకుపోతుంటుంది. వినడానికి గంభీరంగానే ఉంటుంది గానీ, దానివల్ల పెద్ద ఆదా. కార్ల మోత మధ్య వీధిలో మాటలు రికార్డు చేయడం గండం. బొమ్మ మాత్రం తీసుకొచ్చి, మాట తర్వాత స్టూడియోలో కలిపితే ఆ గండం గట్టెక్కినట్టే.

ఇక ‘హి వాక్డ్ బై నైట్’లో ఆ సొరంగాన్ని చిత్రీకరించిన కెమెరామన్ జాన్ ఆల్టన్. హంగరీలో పుట్టి, అర్జెంటీనాలో సినిమాలు తీసి వచ్చినవాడు. డేనియల్స్ పగటి వెలుగును నమ్ముకుంటే ఆల్టన్ చీకటిని నమ్ముకున్నాడు. పది లైట్లు పెట్టేచోట ఒకటో రెండో పెట్టి, కిందినుంచో పక్కనుంచో వేసి, మిగతా గదిని నలుపులో వదిలేసేవాడు. ఆ నలుపులో గోడ ఉందో లేదో ఎవరికి తెలుసు? లేని గోడకు రంగు వేయనక్కర్లేదు, సామాను తేనక్కర్లేదు. లైట్లు సర్దే సమయమూ కలిసొచ్చేది. దొంగ తన ఒంట్లోని తూటా తనే తీసుకునే సన్నివేశంలో గాయం కనబడదు. చెమట పట్టిన ముఖమే చూపించారు. ఆ కాలపు పోలీసు సినిమాల్లో అంతకన్నా భయపెట్టే ఘట్టం అరుదు. 1949లో ఆల్టన్ ‘పెయింటింగ్ విత్ లైట్’ అని పుస్తకం రాశాడు. కెమెరా పని నేర్చుకునేవాళ్లు దాన్ని ఇప్పటికీ చదువుతారు.

‘హి వాక్డ్ బై నైట్’లో నటుడు జాక్ వెబ్‌ది పోలీసు ప్రయోగశాలలో చిన్న వేషం. షూటింగ్‌లో సలహాదారుగా ఉన్న పోలీసు అధికారితో పడ్డ పరిచయంలోంచే అతనికి ‘డ్రాగ్నెట్’ అనే పోలీసు ధారావాహిక ఆలోచన పుట్టింది. అది 1949లో రేడియోలో, 1951 నుంచి టెలివిజన్‌లో వచ్చింది.

‘ది నేకెడ్ సిటీ’ తీసిన డాసిన్‌కు మాత్రం హాలీవుడ్ తలుపులు మూసుకుపోయాయి. కమ్యూనిస్టులన్న ముద్ర వేసి పని లేకుండా చేసిన జాబితాలో ఆయన పేరూ చేరింది. కొన్నేళ్లు ఖాళీగా ఉండి, 1955లో పారిస్‌లో ‘రిఫిఫీ’ తీశాడు. అది పోలీసుల కథ కాదు, దొంగల కథ. పెద్ద తారలు లేరు, డబ్బు కొంచెమే; ఒక వేషం తనే వేసుకున్నాడు. పని లేని మనిషి గనుక పారిస్ వీధులు కాలినడకన తిరిగి లొకేషన్లు తనే ఎంచుకున్నాడు. నగరమంతా బూడిదరంగులో కనబడాలని పట్టుబట్టాడు. ఎండ కాసిన రోజున వీధి షూటింగ్ వద్దనేవాడు.