అనుమానం, ఆధారం: నేతాజీ మరణంపై వాదాలు

ఒక పెద్ద సంఘటన వెనుక కొందరు శక్తిమంతులు రహస్యంగా పథకం పన్ని, నిజాన్ని దాచారని చెప్పే వాదాన్ని కుట్ర సిద్ధాంతం అంటారు. చరిత్రలో నిజమైన కుట్రలూ జరిగాయి. అందువల్ల ఇలాంటి వాదాన్ని వినగానే తోసిపుచ్చడం చరిత్ర విద్యార్థికి తగదు. వినగానే నమ్మడమూ తగదు. సహేతుకమైన అనుమానం ఎక్కడ ఆగుతుంది, కుట్ర సిద్ధాంతం ఎక్కడ మొదలవుతుంది? ఈ భాగంలో సుభాష్ చంద్రబోస్ మరణాన్ని ఉదాహరణగా తీసుకొని ఈ ప్రశ్నను పరిశీలిద్దాం.

1. అనుమానానికి కారణాలు

1945 ఆగస్టు 15న జపాన్ తన లొంగుబాటును ప్రకటించింది. ఆగస్టు 17న బోస్ సైగాన్ నుంచి జపాన్ సైనిక విమానంలో బయలుదేరారు. మరునాడు తైహోకు (నేటి తైపీ) లో ఆ విమానం పైకి లేచిన కొద్దిసేపటికే కూలిపోయింది. తీవ్రంగా కాలిన బోస్ ఆ రాత్రి సైనిక ఆసుపత్రిలో మరణించారని ఆయనతో ప్రయాణించిన హబీబుర్ రెహమాన్ చెప్పారు. అస్థికలను టోక్యోలోని రెంకోజీ ఆలయంలో ఉంచారు.

చాలామంది భారతీయులు ఈ వార్తను నమ్మలేదు. అందుకు తగిన కారణాలే ఉన్నాయి. 1941 జనవరిలో బోస్ మారువేషంలో కలకత్తా నుంచి తప్పించుకున్నారు. 1942 మార్చిలో ఆయన విమాన ప్రమాదంలో మరణించారన్న వార్త వచ్చి, అబద్ధమని తేలింది. 1945లో వైస్రాయ్ వేవెల్ కూడా జపాన్ ప్రకటనను తన డైరీలో అనుమానించాడు. కాబట్టి ఆనాటి అనుమానాన్ని మూఢనమ్మకం అనలేం.

2. విచారణలు ఏం తేల్చాయి?

1956లో ఆజాద్ హింద్ ఫౌజ్ మాజీ అధికారి షా నవాజ్ ఖాన్ అధ్యక్షతన ఏర్పడిన కమిటీ, బోస్ విమాన ప్రమాదం వల్లనే మరణించారని నిర్ణయించింది. కమిటీ సభ్యుడు, బోస్ అన్నగారు అయిన సురేశ్ చంద్రబోస్ దీనితో విభేదించారు. 1970లో నియమించిన ఖోస్లా కమిషన్ 1974లో మొదటి కమిటీ నిర్ణయాన్నే సమర్థించింది. 1999లో ఏర్పడిన ముఖర్జీ కమిషన్ మాత్రం 2005లో ఇచ్చిన నివేదికలో బోస్ ఆ ప్రమాదంలో మరణించలేదని పేర్కొంది. ప్రమాదానికి సంబంధించిన రికార్డు తమ వద్ద లేదని తైవాన్ ప్రభుత్వం చెప్పడం దీనికి ఒక ముఖ్య ఆధారం. 2006లో కేంద్ర ప్రభుత్వం ఈ నివేదికను అంగీకరించలేదు.

ఇక్కడ మీరు రెండు రకాల ఆధారాలను తూచి చూడాలి. ఒకవైపు, చికిత్స చేసిన వైద్యుడు, ప్రాణాలతో బయటపడిన ప్రయాణికులు ఇచ్చిన సాక్ష్యాలు. మరోవైపు, రికార్డు లేకపోవడం. ఓడిపోయిన సైన్యం పాలన కూలిపోతున్న రోజుల్లో రికార్డు దొరకకపోవడానికి అనేక కారణాలు ఉండవచ్చు. చరిత్రకారుల్లో ఎక్కువమంది ప్రమాద మరణాన్నే అంగీకరిస్తున్నారు. అయినా ముఖర్జీ కమిషన్ నివేదికను కుట్ర సిద్ధాంతంగా కొట్టివేయకూడదు. ఫైజాబాద్‌లో నివసించిన ఒక సాధువే బోస్ అన్న వాదాన్ని, తిరుగులేని ఆధారం లేదంటూ ఆ కమిషన్ కూడా అంగీకరించలేదు.

3. గీత ఎక్కడ దాటుతుంది?

2015 సెప్టెంబరులో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం 64 ఫైళ్లను, 2016 జనవరి 23న కేంద్ర ప్రభుత్వం 100 ఫైళ్లను బహిరంగపరిచాయి. బోస్ 1945 తర్వాత జీవించి ఉన్నట్లు వాటిలో రుజువు దొరకలేదు. అంతకుముందు "ఫైళ్లు దాచారంటేనే ఏదో ఉంది" అన్నవారిలో కొందరు, ఆ తర్వాత "అసలు ఫైలును ఎప్పుడో నాశనం చేశారు" అన్నారు. ఫైలు దొరకకపోయినా, దొరికినా నిర్ణయం మారలేదు. ఏ ఆధారం వచ్చినా మారని వాదాన్ని పరీక్షించడం సాధ్యం కాదు. అనుమానం కుట్ర సిద్ధాంతంగా మారేది ఇక్కడే.

ఇంకొక విషయం గమనించండి. 1948 నుంచి 1968 వరకు ఇంటెలిజెన్స్ బ్యూరో బోస్ కుటుంబ సభ్యులపై నిఘా ఉంచిందని 2015లో వెలుగులోకి వచ్చిన పత్రాలు చూపాయి. అంటే ప్రభుత్వం ఒక రహస్యాన్ని నిజంగానే దాచింది. ఆ రహస్యం పత్రాల ద్వారానే బయటపడింది. అయితే నిఘా ఉందన్నది ఒక విషయం, బోస్ జీవించి ఉన్నారన్నది మరో విషయం. మొదటిదాని రుజువు రెండవదానికి సరిపోదు.

ఈ వివాదం వల్ల నష్టం లేదనుకోకండి. బోస్ కుమార్తె అనితా బోస్ ఫాఫ్ తండ్రి అస్థికలను స్వదేశానికి తీసుకురావాలని కోరుతూ వచ్చారు. తన నాయకుని చివరి గడియలను వివరించిన హబీబుర్ రెహమాన్ అబద్ధమాడారని, అందుకు రుజువు చూపకుండానే చాలామంది తీర్పు చెప్పారు.

కాబట్టి ఏ వాదం ఎదురైనా, అది మీకు నచ్చినదైనా సరే, మూడు ప్రశ్నలు వేయండి. సాక్షి ఎవరు, ఆయనకు ఎలా తెలిసింది? ఈ ఆధారం దేన్ని రుజువు చేస్తుంది, దేన్ని చేయదు? ఏది బయటపడితే ఈ వాదం తప్పని ఒప్పుకుంటాం? మూడవ ప్రశ్నకు జవాబు లేని వాదం చరిత్ర అనిపించుకోదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. 1945లో బోస్ మరణవార్తను అనుమానించడం ఎందుకు సహేతుకం?
2. రికార్డు లేకపోవడాన్ని రుజువుగా తీసుకోవడంలో గల ఇబ్బంది ఏమిటి?
3. మీ ప్రాంతంలో ప్రచారంలో ఉన్న ఒక వాదాన్ని పై మూడు ప్రశ్నలతో పరిశీలించి పది వాక్యాల్లో రాయండి.