దుంగల నుంచి ఓపెన్ జిమ్ దాకా

పార్కులో నడకదారి, దాని పక్కన రంగులేసిన ఇనుప పరికరాలు, ఏది ఎలా వాడాలో బొమ్మలు గీసిన బోర్డులు. మన కాలనీల్లో ఇప్పుడు ఇదెంత మామూలైపోయిందంటే, పార్కు పుట్టినప్పుడే పుట్టిందేమో అనిపిస్తుంది. కానీ ఈ ఏర్పాటుకు అరవై ఏళ్లు కూడా నిండలేదు. అదీగాక, మొదలైంది ఇనుముతో కాదు, అడవిలో పడి ఉన్న దుంగలతో.

స్విట్జర్లాండ్‌లోని జూరిచ్ నగరంలో వోలిస్‌హోఫెన్ అనే పేట ఉంది. అక్కడి మగవాళ్ల వ్యాయామ సంఘం వాళ్లు 1960లలో కసరత్తుకు అడవిలోకి వెళ్లేవారు. దుంగ కనిపిస్తే దాని మీంచి దూకేవారు, కొమ్మ కనిపిస్తే పట్టుకుని వేలాడేవారు. ఎర్విన్ వెకెమాన్ అనే ఆర్కిటెక్టు ఈ అలవాటుకు ఒక రూపం ఇచ్చాడు: దుంగల్ని, కమ్మీల్ని బాట వెంట వరుసగా పాతేసి, ఎక్కడ ఏం చెయ్యాలో బోర్డు పెట్టడం. ఖర్చు భరించింది వీటా అనే జీవిత బీమా కంపెనీ. పాలసీ తీసుకున్నవాడు నిండు నూరేళ్లూ బతికితే కంపెనీకి మేలే కదా! అలా 1968లో జూరిచ్‌బెర్గ్ కొండ అడవిలో మొదటి ‘వీటాపార్కూర్’ తెరుచుకుంది.

ఇవాళ ఆ దేశంలో అలాంటివి దాదాపు 500 ఉన్నాయి. రెండు మూడు కిలోమీటర్ల అడవి బాట, మధ్యలో 15 మజిలీలు. మొదట్లో కీళ్లు వదులు చేసుకునేవి, తర్వాత ఒంటి బలం పెంచేవి. ఒక చోట రెండు రింగులు వేలాడుతుంటాయి, ఇంకో చోట తక్కువ ఎత్తులో పాతిన దూలం మీద పడిపోకుండా నడవాలి. మజిలీకీ మజిలీకీ మధ్య నడకో పరుగో మీ ఇష్టం. టికెట్ లేదు, కాపలాదారు లేడు. చెయ్యలేనిది వదిలేసి ముందుకు వెళ్లినా అడిగేవాడు లేడు. ఈ బాట ఇంతగా జనంలోకి పోవడానికి ఆ స్వేచ్ఛే సగం కారణమని నాకనిపిస్తుంది.

దీని వేరు మాత్రం ఇంకా వెనక్కి, ఫ్రాన్సు నౌకాదళ అధికారి జార్జ్ ఎబేర్ (1875–1957) దగ్గరికి పోతుంది. 1902లో కరీబియన్ దీవి మార్టినిక్‌లో పెలే అగ్నిపర్వతం పేలి సెయింట్ పియెర్ పట్టణం బూడిదైపోయింది. దాదాపు 30 వేలమంది చనిపోయారు. సహాయక చర్యల్లో పాల్గొన్న ఎబేర్‌కు అక్కడ ఒకటి తెలిసొచ్చింది: ఆపదలో అక్కరకు రాని కండలు ఉన్నా లేనట్టే. నడక, పరుగు, దూకడం, పాకడం, ఎక్కడం, బరువులెత్తడం, ఈత వంటి సహజమైన పనులతోనే ఆయన ఒక శిక్షణ పద్ధతి తయారుచేశాడు. పది మందికి పనికిరావడానికే మనిషి బలంగా ఉండాలన్నది దాని మూల సూత్రం. సైనికుల శిక్షణలో కనిపించే అడ్డంకుల బాటలకు ఈ పద్ధతి ప్రేరణ. అలాంటి బాటే జూరిచ్ అడవిలో మామూలు జనం చేతికి వచ్చింది.

తర్వాత వ్యాప్తికి ఆట్టే కాలం పట్టలేదు. పశ్చిమ జర్మనీ క్రీడా సమాఖ్య 1970లో ‘ట్రిమ్ డిష్’ అనే వ్యాయామ ఉద్యమం మొదలుపెట్టగానే అక్కడి అడవుల్లోనూ ఊరూరా ఇలాంటి బాటలు వెలిశాయి. అదే దశాబ్దంలో ఈ బాట అమెరికా చేరింది. చైనా 1995లో ప్రజల దేహదారుఢ్యానికి జాతీయ కార్యక్రమం ప్రకటించి, లాటరీ సొమ్ముతో కాలనీల్లో పరికరాలు పెట్టించింది. అక్కడ దుంగ పోయి ఇనప గొట్టం వచ్చింది. మన ఓపెన్ జిమ్ పోలికలు జూరిచ్ కన్నా చైనా వైపే ఎక్కువ.

జర్మనీలో కొన్నేళ్లు గడిచేసరికి చాలా బాటల్లో కొయ్య చివికిపోయింది, బోర్డులు నాచుపట్టాయి. స్విస్ బాటలు మాత్రం నిలబడ్డాయి. అక్కడ పరికరాలూ బోర్డులూ ఇచ్చేది ఒక ఫౌండేషన్ అయితే, వాటి బాగోగులు చూసే బాధ్యత స్థానిక పంచాయతీదో, ఊరి సంఘానిదో. మన కాలనీ పార్కుల్లో పెడల్ ఊడిన సైకిలు నెలల తరబడి అలాగే ఉండటానికి కారణం నా లెక్కలో ఆ బాధ్యత ఎవరిదో తేలకపోవడమే. రిబ్బను కత్తిరించినవాళ్ల పేర్లు శిలాఫలకం మీద ఉంటాయి, నట్టు బిగించాల్సినవాడి పేరు ఎక్కడా ఉండదు.

ఈ కథను ఇంకో మలుపు తిప్పింది ఇంగ్లండులో విలియం బర్డ్ అనే డాక్టరు. ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లోని సానింగ్ కామన్ అనే పల్లెలో ఆయన 1990లలో తన రోగులను నడకకు బయల్దేరదీశాడు. 1998లో ఒక పర్యావరణ స్వచ్ఛంద సంస్థతో కలిసి ‘గ్రీన్ జిమ్’ పెట్టాడు. అందులో పరికరాలే ఉండవు. జనం ముందు ఒళ్లు కదిలించుకుని, తర్వాత పలుగూ పారా పట్టి పొదలు నరుకుతారు, మొక్కలు నాటుతారు, కాలిబాటలు బాగుచేస్తారు. మధ్యలో టీ. చివర మళ్లీ కాసేపు ఒళ్లు సాగదీసుకుని ఇంటికి. బలం ఉంటే పనికొస్తావన్నాడు ఎబేర్. పనికొచ్చే పని చేస్తే బలం అదే వస్తుందన్నాడు ఈ డాక్టరు. మనవాళ్లకు శ్రమదానం కొత్త కాదు కాబట్టి ఇందులో వింతేమీ కనిపించదు. దాన్ని డాక్టరు మందు బదులు సలహాగా ఇవ్వడమే కొత్త.

మన దగ్గరికి వస్తే, తెలంగాణలో 2020 నుంచి గ్రామాల్లో పల్లె ప్రకృతి వనాలు పెంచారు. చెట్ల మధ్య నడకదారి ఉంటుంది, బెంచీలు ఉంటాయి. గుంతలు తవ్వి, మొక్కలకు నీళ్లు పోసింది ఎక్కువగా ఉపాధి హామీ కూలీలు. వాళ్లు పొద్దున పనికి పోవాలి, కనుక ఆ వేళ బాట మీద కనపడేది మిగతావాళ్లు. సానింగ్ కామన్‌లో తవ్వేవాళ్లూ నడిచేవాళ్లూ ఒకళ్లే. మన దగ్గర వాకర్స్ సంఘాలకు లోటు లేదు, సభ్యుల్లో రిటైరై తీరిగ్గా ఉన్నవాళ్లూ బోలెడుమంది. నెలకో ఆదివారం వాళ్ల చేతికి పార ఇచ్చి చూడాలి.