పాత టిల్లర్‌కు పెద్ద ఇంజను: అశ్వశక్తి ఒక్కటే చూస్తే చిక్కే

గవర్నర్‌పేట (విజయవాడ): కాలువలకు నీరు వదిలే వేళకు డెల్టా గ్రామాల్లో పాత పవర్ టిల్లర్ల పరిస్థితి బయటపడుతుంది. గేరుబాక్సు, చక్రాలు, చేతికర్రలు గట్టిగానే ఉంటాయి. ఇంజను మాత్రం నల్లపొగ కక్కుతూ, రెండు మళ్లు దమ్ము చేసేసరికే వేడెక్కిపోతుంది. ఎలాగూ ఇంజను మార్చాలి కదా, కాస్త పెద్దదే బిగిస్తే పోలేదా అన్న ఆలోచన అప్పుడే కలుగుతుంది. బెల్టులు, బేరింగుల కోసం గవర్నర్‌పేట మెషినరీ దుకాణాలకు, లేత్ పనికి జవహర్ ఆటోనగర్‌కు వచ్చే రైతులు తరచుగా అడిగే సందేహం ఇదే. ఇది చేయదగిన పనే. అయితే కొలతలు చూడకుండా చేస్తే గేరుబాక్సుకే కాక మనిషికీ ముప్పు.

1960లలో జపాన్ నమూనాల ఆధారంగా మన దేశానికి వచ్చిన ఈ యంత్రాలను 1967లో ఆరంభమైన బెంగళూరు సంస్థ వీఎస్‌టీ మిత్సుబిషి సహకారంతోను, 1973లో నెలకొన్న కేరళ ప్రభుత్వ సంస్థ కామ్‌కో కుబోటా సహకారంతోను తయారుచేశాయి. రెండింటిలోనూ ఉన్నది అడ్డంగా పడుకోబెట్టిన ఒకే సిలిండరు డీజిల్ ఇంజను. శక్తి 12, 13 అశ్వశక్తికి అటూ ఇటూగా ఉంటుంది. గేరుబాక్సు, క్లచ్, బెల్టులు ఆ శక్తికి తగినట్లే తయారయ్యాయన్నది మొదట గుర్తుంచుకోవలసిన విషయం.

చుట్లు చూసి కొనాలి

దుకాణంలో అందరూ అడిగేది ఎన్ని అశ్వశక్తులని. నిమిషానికి ఎన్ని చుట్లకు ఆ శక్తి వస్తుందో అడిగేవారు తక్కువ. దమ్ములో చక్రాన్ని కదిలించేది తిప్పే బలం, అంటే టార్కు. నిమిషానికి 2,000 చుట్ల వద్ద 12 అశ్వశక్తి ఇచ్చే ఇంజను దాదాపు 42 న్యూటన్ మీటర్ల టార్కు ఇస్తుంది. దాని స్థానంలో 3,000 చుట్ల వద్ద 15 అశ్వశక్తి ఇచ్చే చిన్న గాలి ఇంజను బిగిస్తే ఆ బలం 35కు పడిపోతుంది. కాగితం మీద ఇంజను పెద్దదైంది, బురదలో చిన్నదైంది. పుల్లీ మార్చి చుట్లు తగ్గిస్తేనే ఆ అదనపు శక్తి చక్రానికి అందుతుంది. పైగా గాలితో చల్లబడే ఇంజను రెక్కల మధ్య దమ్ము బురద ఎండి పేరుకుంటే వేడి బయటకు పోదు. మన నల్లరేగడి మళ్లకు నీటితో చల్లబడే ఇంజనే మేలు.

పాత టిల్లర్లకు దగ్గరగా సరిపోయేవి చైనా నమూనా అడ్డపు డీజిల్ ఇంజన్లు. వాటి అంకెల్లోనే సమాచారం ఉంది. 195 అంటే ఒక సిలిండరు, 95 మిల్లీమీటర్ల బోరు. ఇది 2,000 చుట్ల వద్ద సుమారు 12 అశ్వశక్తి ఇస్తుంది. 1100 అంటే 100 మిల్లీమీటర్ల బోరు, 2,200 చుట్ల వద్ద 15. 1115 అయితే అదే చుట్ల వద్ద 22. టార్కు లెక్కలో మొదటిది 42, రెండోది 48, మూడోది 70 న్యూటన్ మీటర్లు. అంటే 1115 బిగించినవారు పాత గేరు పళ్లపై మూడింట రెండు వంతుల అదనపు భారం మోపినట్లే. 1100 వరకు వెళ్లడం సాహసం కాదు. ఆపైకి వెళ్లేకన్నా ఆ డబ్బు పెట్టి పెద్ద యంత్రమే చూసుకోవడం మంచిది.

పుల్లీ లెక్క

పాత ఇంజను 2,000 చుట్లు, దాని పుల్లీ 5 అంగుళాలు అనుకుందాం. కొత్తది 2,200 చుట్లు తిరిగితే చక్రాల వేగం మారకుండా ఉండటానికి పుల్లీ సుమారు నాలుగున్నర అంగుళాలకు తగ్గాలి. ఇక్కడొక చిక్కుంది. 17 మిల్లీమీటర్ల వెడల్పున్న బీ రకం బెల్టును 5 అంగుళాల కన్నా బాగా చిన్న పుల్లీపై వంచితే జారుతుంది, త్వరగా పగులుతుంది. కాబట్టి ఇంజను పుల్లీని కదపకుండా క్లచ్ వైపు పుల్లీని పదో వంతు పెంచవచ్చు. అంతకన్నా తేలిక మార్గం ఇంజను గవర్నరును 2,000 చుట్లకే కట్టడి చేయించడం. (పేట పేరులోని గవర్నరు వేరు, ఇంజను చుట్లను అదుపులో ఉంచే గవర్నరు వేరు. రెండోది సరిలేకపోతే చేను దున్నడం కుదరదు.)

ఇంజను తిరిగే దిశనూ కొనేముందే చూసుకోవాలి. ఎదురు దిశలో తిరిగే ఇంజను పెడితే ముందు గేర్లన్నీ వెనక్కి నడిపిస్తాయి. బేస్ రంధ్రాలు కలవకపోతే చాసిస్‌కు వెల్డింగ్ చేసి నిలబెట్టేవారున్నారు. ఒకే సిలిండరు ఇంజను కుదుపుకు ఆ అతుకు ఎక్కువకాలం ఆగదు. మందపాటి ఇనుప పలకపై రంధ్రాలు వేయించి బోల్టులతో బిగించడమే పద్ధతి. ఇంజను ముందుకు జరిగినా, బరువు పెరిగినా ముక్కు బురదలో కూరుకుపోతుంది. ముందు బిగించిన అదనపు బరువులుంటే తీసివేసి తూకం సరిచూడాలి.

అమెరికాలో ఇళ్ల ముందు గడ్డి కోసే, కూర్చుని నడిపే పాత బండ్లకు పెద్ద ఇంజను మార్చేవారికీ ఇదే హెచ్చరిక వర్తిస్తుంది. వాటిలో చాలావరకు ఇంజను షాఫ్టు నిలువుగా ఉంటుంది. చుట్లు పెరిగితే కోత కత్తి కొన వేగం అక్కడి ప్రమాణం అనుమతించిన నిమిషానికి 19,000 అడుగుల హద్దు దాటుతుంది.

రోడ్డెక్కితే

అసలు ప్రమాదం పొలంలో కన్నా ట్రైలర్ తగిలించినప్పుడు. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల నిర్వచనం ప్రకారం ట్రైలర్‌తో టిల్లర్ వేగం గంటకు 22 కిలోమీటర్లు, బరువు ఒకటిన్నర టన్నులు మించరాదు. పుల్లీ మార్చకుండా 3,000 చుట్ల ఇంజను పెడితే గంటకు 15 కిలోమీటర్లు నడిచే బండి 22 దాటుతుంది. వేగం ఒకటిన్నర రెట్లయితే ఆగే దూరం రెండు రెట్లకు మించి పెరుగుతుంది. బ్రేకు మాత్రం పాతదే. దీనికి తోడు కాలువ గట్టు దిగుతూ ఎడమ స్టీరింగ్ క్లచ్ నొక్కితే బండి కుడికి తిరుగుతుంది. విడిపడిన చక్రం వాలులో వేగంగా దొర్లడమే కారణం. నెమ్మదిగా నడిచే బండిని అలవాటైనవారు సర్దుకోగలరు, వేగం పెరిగితే అంత వ్యవధి ఉండదు.

రిజిస్ట్రేషన్ ఉన్న వాహనమైతే పత్రంలోని వివరాలకు భిన్నంగా మార్చడాన్ని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ నిషేధిస్తోంది. తయారీదారు నిర్దేశించిన వివరాలు మారేలా వాహనంలో మార్పులు చేయరాదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు సైతం స్పష్టం చేసింది. ఇంజను నంబరు మారుతున్నందున పని మొదలుపెట్టేముందే రవాణా శాఖ కార్యాలయంలోను, బీమా సంస్థలోను విచారించుకోవాలి.

బిగింపు పూర్తయ్యాక బెల్టు కవచం తప్పక పెట్టించాలి. కొత్త ఇంజనుకు సరిపోలేదని దాన్ని పక్కన పడేయడం పరిపాటి. పంచె కొంగు, తువ్వాలు చిక్కుకునేది అక్కడే. మొదటి రోజు రెండు మూడు గంటలు బరువు లేకుండా నడిపి బోల్టులు మళ్లీ బిగించాలి. కొత్త బెల్టులు సాగుతాయి కనుక బిగువు సరిచూసి, ఆ తర్వాతే దమ్ము చక్రాలు తగిలించాలి.