మైనర్లను 'మేజర్లు'గా విచారించొచ్చా?.. ఉరి వేస్తారా?.. చట్టం అసలు ఏం చెబుతోందంటే..

హత్య, అత్యాచారం లాంటి కేసులో నిందితుడు మైనర్ అని తెలియగానే సోషల్ మీడియాలో రెండు మాటలు వినిపిస్తాయి. ఒకటి.. "మూడేళ్లలో బయటికొచ్చేస్తాడు". రెండోది.. "వాడిని పెద్దోడిగా లెక్కగట్టి ఉరి తీయాలి". మొదటిది అన్ని కేసులకూ వర్తించదు. రెండోది ఏ కేసుకూ వర్తించదు!

2025 ఆగస్టులో హైదరాబాద్ కూకట్‌పల్లిలో ఇంట్లో ఒంటరిగా ఉన్న పదేళ్ల బాలిక దారుణ హత్యకు గురైంది. కొన్ని రోజుల తర్వాత పోలీసులు అదుపులోకి తీసుకున్నది పొరుగున ఉండే పద్నాలుగేళ్ల బాలుడిని. క్రికెట్ బ్యాట్ దొంగిలించడానికి వచ్చాడన్నది పోలీసులు చెప్పిన విషయం. అంతకు ఏడాది ముందు, 2024 జులైలో నంద్యాల జిల్లా ముచ్చుమర్రిలో ఓ చిన్నారి కనిపించకుండా పోయింది. ఆ కేసులో పట్టుబడింది ముగ్గురు స్కూలు పిల్లలు. రెండు ఘటనల్లోనూ జనం అడిగింది ఒక్కటే.. వీళ్లకు పెద్దలకు వేసే శిక్ష ఎందుకు వేయరు?

చట్టం ప్రకారం సమాధానం సూటిగానే ఉంది. నేరం జరిగిన రోజుకు 16 ఏళ్లు నిండకపోతే ఎంత ఘోరమైన నేరమైనా సరే, పెద్దవాళ్లలా విచారించే దారే లేదు. జువెనైల్ జస్టిస్ బోర్డే విచారించాలి. గరిష్ఠంగా మూడేళ్లు స్పెషల్ హోమ్‌లో ఉంచొచ్చు, అంతే. ఇక ఏడేళ్లలోపు పిల్లలు చేసింది అసలు నేరమే కాదు. ఏడు నుంచి పన్నెండేళ్ల మధ్య వాళ్లయితే, తాము చేసింది ఏంటో అర్థం చేసుకునే పరిణతి లేదని తేలితే అదీ నేరం కాదు. పాత ఐపీసీలో 82, 83 సెక్షన్లు చెప్పిందే ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 20, 21 సెక్షన్లు చెబుతున్నాయి.

మరి 'మేజర్‌గా విచారణ' అనే మాట ఎక్కడి నుంచి వచ్చింది? 2012 డిసెంబర్ 16 ఢిల్లీ ఘటన నుంచి.

ఆ కేసులో ఆరుగురు నిందితుల్లో ఒకడికి పద్దెనిమిది నిండటానికి కొద్ది నెలలే తక్కువ. ఎముకల పరీక్ష చేయించాలని పోలీసులు కోరినా, బోర్డు స్కూల్ రికార్డునే నమ్మి మైనర్ అని తేల్చింది. 2013 ఆగస్టు 31న మూడేళ్ల గరిష్ఠ శిక్ష వేసింది. 2015 డిసెంబర్ 20న అతను బయటికి వచ్చాడు. దేశమంతా భగ్గుమంది. సరిగ్గా రెండు రోజులకు, డిసెంబర్ 22న, రాజ్యసభ కొత్త జువెనైల్ జస్టిస్ బిల్లును పాస్ చేసేసింది. 2016 జనవరి 15 నుంచి చట్టం అమల్లోకి వచ్చింది. వయసు తగ్గించొద్దని జస్టిస్ వర్మ కమిటీ అప్పటికే చెప్పింది. పార్లమెంటరీ స్థాయీ సంఘం కూడా ఈ మార్పును వ్యతిరేకించింది. ఆ రోజు సభలో ఆ మాటలు పెద్దగా నిలవలేదు.

కొత్త చట్టం వయసును 18 నుంచి తగ్గించలేదు. 16 నుంచి 18 ఏళ్ల మధ్య వాళ్లకు మాత్రం ఓ ప్రత్యేక దారి తెరిచింది. ఆ దారిలో మూడు గేట్లు ఉన్నాయి.

మొదటి గేటు వయసు. ఆధార్ కార్డు చూపిస్తే సరిపోదు. స్కూల్ సర్టిఫికెట్ లేదా పదో తరగతి సర్టిఫికెట్ చూస్తారు. అవి లేకపోతే మున్సిపాలిటీ, పంచాయతీ ఇచ్చిన బర్త్ సర్టిఫికెట్. ఏవీ లేకపోతేనే ఎముకల పరీక్ష. మన ఊళ్లలో బడిలో చేర్పించిన రోజు మాస్టారు రాసేసిన జూన్ తేదీయే పుట్టినరోజు అయిపోయిన వాళ్లు ఎంతమందో! ఆ ఒక్క గీతే రేపు మూడేళ్ల హోమ్‌కా, ఇరవై ఏళ్ల జైలుకా అన్నది తేల్చేయొచ్చు.

రెండో గేటు నేరం. అది 'హీనమైన నేరం' కేటగిరీలోకి రావాలి. అంటే ఆ సెక్షన్‌లో కనీస శిక్షే ఏడేళ్లు లేదా అంతకంటే ఎక్కువ ఉండాలి. గరిష్ఠ శిక్ష ఎంత అన్నది కాదు, కనీస శిక్ష ఎంత అన్నదే లెక్క. 2020 జనవరిలో సుప్రీంకోర్టు ఇదే తేల్చి చెప్పింది. 2021లో పార్లమెంటు చట్టాన్ని సవరించి మరింత క్లారిటీ ఇచ్చింది.

దీని ఎఫెక్ట్ ఎలా ఉంటుందో పుణె పోర్షే కేసు చూస్తే అర్థమవుతుంది. 2024 మే 19 తెల్లవారుజామున కల్యాణి నగర్‌లో పదిహేడేళ్ల బాలుడు నడుపుతున్న కారు ఢీకొని ఇద్దరు యువ సాఫ్ట్‌వేర్ ఇంజినీర్లు చనిపోయారు. గంటల్లోనే బెయిల్. షరతుల్లో ఒకటి రోడ్డు ప్రమాదాలపై 300 పదాల వ్యాసం! ఆ తర్వాత జరిగిన గొడవ అందరికీ తెలిసిందే. మేజర్‌గా విచారించాలని పోలీసులు కోరారు. 2025 జులైలో బోర్డు కుదరదని చెప్పేసింది. డబ్బున్న కుటుంబం కాబట్టే అని చాలామంది అనుకున్నారు. కానీ హత్యతో సమానం కాని ప్రాణనష్టం సెక్షన్‌లో యావజ్జీవం వరకూ శిక్ష ఉన్నా, కనీస శిక్ష అంటూ ఏదీ లేదు. రెండో గేటు దగ్గరే కేసు ఆగిపోయింది.

ఇప్పుడు ఇదే రూల్‌ను ఇంకోవైపు నుంచి చూడండి. విశాఖ మన్యం నుంచి వస్తూ 20 కిలోలకు మించిన గంజాయి మూటలతో పట్టుబడిన పదహారేళ్ల కుర్రాడు ఉన్నాడనుకుందాం. ఎన్‌డీపీఎస్ చట్టంలో దానికి కనీస శిక్ష పదేళ్లు. అంటే అది 'హీనమైన నేరం'. ఆ అబ్బాయిని మేజర్‌గా విచారించే గేటు తెరిచే ఉంటుంది. పదిహేడేళ్ల అబ్బాయి, పదిహేడేళ్ల అమ్మాయి ప్రేమించుకుని ఇంట్లోంచి వెళ్లిపోతే, అమ్మాయి తల్లిదండ్రులు పోక్సో కేసు పెడితే? శారీరక సంబంధం ఉందని కేసు నమోదైతే దానికీ కనీస శిక్ష పదేళ్లే. ఢిల్లీ లాంటి ఘోరాల కోసం చేసిన చట్టం ఇది. వల మాత్రం ఎవరి మీద పడుతుందో చూస్తే కాస్త ఆగి ఆలోచించాల్సిందే.

మూడో గేటే అసలు కీలకం. దీన్ని ప్రాథమిక అంచనా అంటారు. బోర్డులో ఒక మేజిస్ట్రేట్, ఇద్దరు సామాజిక కార్యకర్తలు ఉంటారు. ఈ ముగ్గురూ చూడాల్సింది.. నేరం చేసే శారీరక, మానసిక సామర్థ్యం ఆ పిల్లాడికి ఉందా? దాని పర్యవసానాలు అర్థం చేసుకోగలడా? ఏ పరిస్థితుల్లో చేశాడు? బోర్డు ముందు హాజరుపరిచిన మూడు నెలల్లోపు ఈ పని పూర్తి కావాలని చట్టం చెబుతోంది. అయితే గడువు దాటినంత మాత్రాన ప్రాసెస్ చెల్లకుండా పోదని 2024లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

వినడానికి బాగానే ఉంది. కానీ నేరం చేసిన రోజు ఆ బుర్రలో ఏముందో నెలల తర్వాత కూర్చుని ఎలా చెప్పగలరు? ఈ ప్రశ్నకు గురుగ్రామ్ కేసే ఉదాహరణ.

2017 సెప్టెంబర్ 8న అక్కడి ప్రైవేట్ స్కూల్లో రెండో తరగతి చదివే ఏడేళ్ల బాలుడు హత్యకు గురయ్యాడు. పోలీసులు మొదట స్కూల్ బస్ కండక్టర్‌ను అరెస్ట్ చేసి కేసు తేలిపోయిందన్నారు. సీబీఐ రంగంలోకి దిగాక కథ మొత్తం మారిపోయింది. పట్టుబడింది అదే స్కూల్లో పదకొండో తరగతి విద్యార్థి. డిసెంబర్‌లోనే బోర్డు మేజర్‌గా విచారించాలని చెప్పింది. 2018లో పంజాబ్-హర్యానా హైకోర్టు ఆ ఆర్డర్‌ను కొట్టేసి, అంచనా మళ్లీ చేయమంది. 2022 జులైలో సుప్రీంకోర్టు దాన్నే సమర్థించింది. ఐక్యూ ఒక్కటే చూసి తేల్చేయడం సరికాదంది. బోర్డులో పిల్లల మనస్తత్వశాస్త్రం చదివిన వాళ్లు లేకపోతే నిపుణుల సాయం తప్పనిసరిగా తీసుకోవాలని చెప్పింది. అదే ఏడాది అక్టోబర్‌లో బోర్డు రెండోసారి అంచనా వేసి, మళ్లీ మేజర్‌గానే విచారించాలంది. విచారణ ఏ కోర్టులో జరగాలన్నది తేలడానికే ఐదేళ్లు! బిడ్డను పోగొట్టుకున్న తల్లిదండ్రులకూ ఐదేళ్లే, ఆ కుర్రాడికీ ఐదేళ్లే.

హైదరాబాద్‌లో ఈ సెక్షన్ గురించి అందరికీ తెలిసింది జూబ్లీహిల్స్ కేసుతో. 2022 మేలో జరిగిన గ్యాంగ్ రేప్ కేసులో ఆరుగురు నిందితుల్లో ఐదుగురు మైనర్లు. సెప్టెంబర్ చివర్లో బోర్డు నలుగురిని మేజర్లుగా విచారించాలని ఆదేశించింది. ఆ వ్యవహారం తర్వాత హైకోర్టు వరకూ వెళ్లింది.

సరే, మూడు గేట్లూ దాటాక ఏమవుతుంది? కేసు చిల్డ్రన్స్ కోర్టుకు వెళ్తుంది. పెద్దవాడిగా విచారణ అవసరమా కాదా అని ఆ కోర్టు కూడా సొంతంగా చూసుకోవాలి. శిక్ష పడినా 21 ఏళ్లు వచ్చేదాకా 'ప్లేస్ ఆఫ్ సేఫ్టీ'లోనే ఉంచాలి, జైలుకు పంపకూడదు. ఉరిశిక్ష వేయకూడదు. ఎప్పటికీ విడుదల కాని యావజ్జీవం కూడా కుదరదు. శిక్ష మిగిలి ఉంటే 21 నిండాక కోర్టు మరోసారి చూస్తుంది. మారాడనిపిస్తే షరతులతో వదలొచ్చు, లేదంటే మిగతా కాలానికి జైలుకు పంపొచ్చు.

బ్రిటన్‌లో ఇంతకంటే చిన్న పిల్లల్ని పెద్దల కోర్టులో నిలబెట్టిన సందర్భం ఉంది. 1993లో రెండేళ్ల జేమ్స్ బల్జర్‌ను ఎత్తుకెళ్లి చంపిన ఇద్దరికీ అప్పుడు పదేళ్లే. బోనులోంచి వాళ్లకు కోర్టు హాలు కనిపించేలా కింద ఎత్తు వేయాల్సి వచ్చింది. అక్కడ జరుగుతున్నది వాళ్లు సరిగా అర్థం చేసుకునే స్థితిలో లేరని, కాబట్టి అది న్యాయమైన విచారణ కాదని 1999లో యూరోపియన్ మానవ హక్కుల కోర్టు తేల్చింది. 2001లో ఇద్దరూ విడుదలయ్యారు. ఒకడు తర్వాత మళ్లీ జైలుకు వెళ్లాడు. రెండోవాడి మీద మళ్లీ కేసులున్నట్టు బయటికి రాలేదు. నేరం ఒకటే, వయసు ఒకటే.. ఏ అంచనా కమిటీ అయినా దీన్ని ముందే చెప్పగలిగేదా అంటే అనుమానమే.

16 నుంచి 18 ఏళ్ల వాళ్ల విషయంలో చట్టం మార్గం చూపించింది, బాగానో ఓగానో. పద్నాలుగేళ్ల వాళ్ల విషయంలో మాత్రం బోర్డు చేతిలో ఉన్నది ఆ మూడేళ్లే. ఆ మూడేళ్లలో హోమ్‌లో కౌన్సెలింగ్ ఎంత జరిగింది, చదువు సాగిందా, బయటికి వచ్చాక ఎవరు కనిపెట్టుకుని ఉన్నారు అన్నది కెమెరాలు వెళ్లిపోయాక మొదలయ్యే పని. వయసు తగ్గించాలా వద్దా అన్న డిబేట్ నడిచినంత జోరుగా ఈ ప్రశ్న మీద ఎప్పుడూ నడవదు.

బాధిత కుటుంబాలు గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటి ఉంది. 16 నిండిన నిందితుడి కేసులో బోర్డు ఇచ్చిన ప్రాథమిక అంచనా ఆర్డర్ తప్పనిపిస్తే 30 రోజుల్లోగా పైకోర్టులో అప్పీల్ చేసుకోవచ్చు. అక్కడ కోర్టు బోర్డుకు సాయం చేసిన నిపుణుల్ని కాకుండా, వేరే నిపుణుల అభిప్రాయం తీసుకోవచ్చు. ఆ ఆర్డర్‌పైనా అభ్యంతరం ఉంటే హైకోర్టు తలుపు తట్టొచ్చు.